గడ్డం మాస్టారి నిలువు గీత

కూతుర్ని పరీక్ష హాలు గుమ్మంలో ఆపేశారని ఫోన్ వచ్చినప్పుడు గడ్డం మాస్టారు ఒక పెళ్ళికొడుకు చెవులు చిన్నవి చేస్తున్నాడు. నిజం చెవులు కావు లెండి, కంప్యూటర్ తెర మీద ఉన్నవి. ఒక చెవి అయిపోయింది, రెండోది చేటంత అలాగే ఉంది. ఆ మనిషిని అదే అవతారంలో వదిలేసి మాస్టారు స్టూడియోకి తాళం వేశాడు.

మాస్టారంటే పాఠాలు చెప్పే మాస్టారు కాదు. ఫోటోలు తీసే మనిషి. స్టూలు మీద కలెక్టరు కూర్చున్నా, చీమిడి ముక్కు పిల్లాడు కూర్చున్నా ఆయన నోటి నుంచి వచ్చే మొదటి మాట "గడ్డం కొంచెం దించండి", రెండోది "గడ్డం కొంచెం ఇటు". అందుకని ఊరు ఆ పేరు ఖాయం చేసింది. రోజూ పొద్దున్నే నున్నగా గీసుకుని వచ్చే మనిషికి ఈ పేరేమిటని కొత్తవాళ్ళు తెల్లబోతారు. స్టూలు మీద కూర్చున్నాక వాళ్ళకే అర్థమవుతుంది.

ఆయన స్టూడియో చిన్నదే. ఒక నీలం తెర, రెండు గొడుగు దీపాలు, గోడకి అద్దం, ఆ అద్దానికి దారంతో కట్టేసిన దువ్వెన. దారం ఎందుకంటే అంతకు ముందు దువ్వెనలు జనం జేబుల్లో పడి వెళ్ళిపోయేవి. కోటు లేనివాళ్ళ కోసం ఒక కోటు, అది సన్నటివాళ్ళకి వెనకాల క్లిప్పులు పెట్టి బిగించాలి. ఇవన్నీ అందరి దగ్గరా ఉండేవే. మాస్టారి పేరు నిలబెట్టింది మాత్రం ఫోటో తీశాక చేసే పని. ముఖం తెర మీదకి రాగానే కనుబొమల మధ్య నుంచి కిందకి ఒక నిలువు గీత దించేవాడు. ముక్కు, పెదవుల మధ్య నొక్కు, గడ్డం అన్నీ ఆ గీత మీద ఉండాలి. ఉండవు. భూమ్మీద రెండు పక్కలా ఒకేలా ఉన్న ముఖం తనకింతవరకూ తగల్లేదని ఆయన అందరికీ చెప్పేవాడు. గీత దాటినదాన్ని మౌసుతో మెల్లగా గీత మీదకి నెట్టేవాడు. ఎంత మెల్లగా అంటే, ఫోటో పట్టుకెళ్ళినవాళ్ళు తాము అందంగా పుట్టామనే అనుకునేవాళ్ళు తప్ప అందులో మాస్టారి చెయ్యి ఉందని అనుకునేవాళ్ళు కాదు. అదే తన గొప్ప అని ఆయన నమ్మకం. నమ్మకమేమిటి, పొగరే.

అలాంటి మనిషి కూతురి హాల్ టికెట్టు మీద ఫోటో ఆమెది కాదని ఫోన్ చేశారు. స్కూటర్ మీద వెళ్తున్నంతసేపూ మాస్టారికి కోపమూ నవ్వూ కలిసి వచ్చాయి. కడిగి పారేద్దామనే ఉద్దేశంతోనే మెట్లెక్కాడు.

వరండా చివర, పెద్ద కిటికీ పక్కన, ఆయన కూతురు అట్ట పట్టుకుని నిలబడి ఉంది. పదహారేళ్ళ పిల్ల. ఇంట్లో అందరూ చిట్టి అంటారు. పక్కన పరీక్షల పర్యవేక్షకురాలు. ఆవిడ అరిచే రకం కాదు, పద్ధతి ప్రకారం నడిచే రకం. వచ్చినందుకు ముందు థాంక్స్ చెప్పి, తర్వాత అడిగింది.

"ఈ ఫోటోలో ఉన్నది మీ అమ్మాయేనా?"

"నా కూతురేనండీ. నేనే తీశాను, నెల కూడా కాలేదు."

"అయితే మీరే పోల్చి చెప్పండి," అని ఆవిడ హాల్ టికెట్టుని చిట్టి చెంప పక్కన పెట్టి పట్టుకుంది.

కిటికీలోంచి పొద్దుటి ఎండ ఒక పక్క నుంచి సూటిగా పడుతోంది. గొడుగు దీపాల మెత్తటి వెలుతురు కాదది, ఏదీ దాచని వెలుతురు. మాస్టారు ఫోటో వైపు చూశాడు, పిల్ల వైపు చూశాడు. మళ్ళీ ఫోటో వైపు చూశాడు. ఫోటోలో గడ్డం ముక్కుకి సరిగ్గా కింద ఉంది. పిల్లకి లేదు. పిల్ల గడ్డం ఎడమ పక్కకి వెళ్ళిపోయి ఉంది. కుడి దవడ పొడుగ్గా కిందకి దిగింది. మూసిన పెదవుల గీత ఒక పక్కకి వాలి ఉంది. చెయ్యి తిరిగిన పనివాడు కాబట్టి కొలత వేరే అక్కర్లేదు, ఎంత పక్కకి పోయిందో ఆయన కంటికి తెలిసిపోయింది. ఒక వేలు వెడల్పు.

కడిగేద్దామని వచ్చిన మనిషి వరండాలో కొయ్యబారిపోయాడు. కళ్ళూ నుదురూ ముక్కూ ఫోటోలో ఉన్నవే కదా అని పర్యవేక్షకురాలే చివరికి మెత్తబడింది. బడి పెద్ద టీచరు ఫోన్లో పూచీ పడితే పిల్లని లోపలికి పంపింది. లోపలికి వెళ్తూ చిట్టి ఒక్కసారి తండ్రి వైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు, సిగ్గు లేదు, ఆశ్చర్యం అసలే లేదు. ఆశ్చర్యం ఎందుకు లేదో ఆయనకి ఆ రోజు తట్టలేదు.

ఇంటికెళ్ళి భార్యకి చెప్పాడు. ఆవిడ మందుల షాపులో పనిచేస్తుంది, ఊళ్ళో సగం మంది రోగాలు ఆవిడకి కంఠతా వచ్చు. విని ఉతికి ఆరేసింది.

ఆవిడ కోపానికి కారణం ఉంది. కిందటేడే ఆవిడకి అనుమానం వచ్చింది. పిల్ల ఒక పక్కనే నములుతోంది. ఆవలిస్తే చెవి దగ్గర టిక్కుమని చప్పుడు. మాటిమాటికీ బుగ్గ లోపల కొరుక్కుంటోంది. జ్ఞానదంతం వస్తోందేమోనని ఆవిడ నొప్పి మాత్రలు ఇచ్చింది. ఒక రోజు మాత్రం పిల్ల ముఖం ఒక పక్కకి పోయినట్టు లేదూ అని మొగుణ్ణి అడిగింది. మాస్టారు నవ్వేశాడు. ముఖాల సంగతి నాకు చెప్తావా అన్నాడు. పిల్లని స్టూడియోకి తీసుకెళ్ళి, స్టూలు మీద కూర్చోబెట్టి, ఫోటో తీసి, పెద్దది ప్రింటు చేసి తెచ్చి ఆవిడ ముందు పెట్టాడు. చూడు, ఎక్కడ పోయింది అన్నాడు. ఆవిడ చూసింది. ఫోటోలో ఎక్కడికీ పోలేదు. తన కళ్ళే మోసం చేశాయనుకుని ఊరుకుంది.

మాస్టారు అబద్ధమాడలేదు. అది ఒప్పుకోవాలి. ఫోటో కంప్యూటర్లోకి దిగగానే ఆయన చెయ్యి దాని పని అది చేసుకుపోతుంది. గీత దించడం, నెట్టడం, భద్రం చెయ్యడం. అప్పుడు ఆయన ఫోన్లో మాట్లాడుతూ ఉండొచ్చు, ఫ్యాను తిరగడం లేదని విసుక్కుంటూ ఉండొచ్చు. కిందటేడు భార్యకి సాక్ష్యంగా తెచ్చిన ఫోటోకీ చెయ్యి అదే పని చేసింది. ఆ సంగతి ఆయనకి ఇప్పుడు, సోఫా అంచున కూర్చుని తిట్లు తింటున్నప్పుడు గుర్తొచ్చింది.

"ముఖాలు చూసే మనిషి మీరు. మీకే కనపడలేదంటే ఏమీ లేదని నమ్మాను," అంది భార్య చివరికి. అంతకన్నా తిట్లే నయం అనిపించింది ఆయనకి.

పరీక్షలు కాగానే ముగ్గురూ దవడల డాక్టరు దగ్గరికి వెళ్ళారు. ఆవిడ నడివయసు మనిషి. ముందు పిల్ల నోట్లో అడ్డంగా ఒక చెక్క పుల్ల పెట్టి కొరకమంది. పుల్ల సమంగా నిలవలేదు, తూగని తక్కెడలా ఒక పక్కకి వాలింది. మాస్టారు ఆ పుల్ల వైపు కన్నార్పకుండా చూశాడు. తర్వాత డాక్టరు ఆయన్నే తన చెవుల ముందు వేళ్ళు పెట్టుకుని నోరు తెరిచి మూయమంది. వేళ్ళ కింద ఏదో ముందుకి జరిగి మళ్ళీ వెనక్కి వచ్చింది. అవే దవడ కీళ్ళని, ఎదిగే వయసులో కింది దవడ పొడుగయ్యేది చాలావరకు అక్కడేనని చెప్పింది.

"రెండూ జంటగా ఎదగాలి, జంటగా ఆగాలి. మీ అమ్మాయికి ఎడమది ఆగినట్టుంది, కుడిది ఆగినట్టు లేదు. అది తోస్తూ ఉంటే గడ్డం ఎడమ పక్కకి పోతోంది."

ఎక్స్‌రే దీపపు పలక మీద పెట్టింది. ఎడమ కీలు తల చిటికెన వేలి కొసంత ఉంది. కుడిది బొటనవేలంత. డాక్టరు చెప్పక్కర్లేకుండానే తేడా కనిపిస్తోంది. భార్య పమిట కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. చిట్టి మాత్రం ఎక్స్‌రే చూడలేదు, తండ్రి ముఖం చూస్తోంది.

ఇది ఎవరి తప్పూ కాదని, ఎందుకొస్తుందో చాలాసార్లు తమకే తెలియదని డాక్టరు ధైర్యం చెప్పింది. కొంతమందికి దానంతటదే ఆగిపోతుందట. ఆగిపోతే తొందర లేదు. ఆగకుండా ఎదుగుతూ ఉంటే మాత్రం ఊరుకోకూడదు, కింది దవడ వెనకాలే పై దవడ కూడా వంగుతుంది. అందుకని తేలాల్సింది రెండు సంగతులు. ఎప్పుడు మొదలైంది, ఇంకా నడుస్తోందా. రెండోది తేల్చడానికి ఒక స్కాను ఉంది. మొదటిదానికి పాత ఫోటోలు కావాలి. ఎదురుగా తీసినవి, ఏడాదికొకటైనా సరే.

"మీరు ఫోటోగ్రాఫరట కదా," అంది డాక్టరు సంబరంగా. "ఇంకేం, మాకు సగం పని తప్పింది."

మాస్టారు తలూపాడు. భార్య ఆయన వైపు చూడలేదు. చూడకపోవడమే ఎక్కువగా తగిలింది.

ఆ మధ్యాహ్నం స్టూడియో తలుపు సగం దించి కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. చిట్టి ఫోటోలకి కొదవ లేదు. ప్రతి ఏడూ బడి కార్డు కోసం తీసినవి, పుట్టినరోజులవి, కొత్త దీపం కొన్నప్పుడు దాన్ని పరీక్షించడానికి తీసినవి. ఒక్కొక్కటే తెరిచాడు. పదకొండేళ్ళ పిల్ల, గడ్డం గీత మీద. పన్నెండేళ్ళ పిల్ల, గీత మీద. పదమూడు, పద్నాలుగు, పదిహేను, అన్నీ గీత మీదే. ఎక్కడా వెంట్రుకవాసి తేడా లేదు. కూతురి ముఖం ఏళ్ళ తరబడి ఒక పక్కకి నడుచుకుంటూ వెళ్ళిపోతే, వెళ్ళిన ప్రతి అడుగునీ తండ్రి వెనకాలే చెరిపేసుకుంటూ వచ్చాడు.

అసలు ఫోటోలు ఎక్కడైనా మిగిలాయేమోనని కంప్యూటరంతా గాలించాడు. మిగల్లేదు. జాగా చాలదని, దిద్దినదాన్ని అసలుదాని మీదే భద్రం చెయ్యడం ఆయన పద్ధతి. దిద్దాక అసలుదానితో పనేముంది అనేవాడు. ఇప్పుడు పని పడింది. మౌసు మీద ఉన్న తన కుడి చేతిని ఎవరిదో చూసినట్టు చూసుకున్నాడు. నెత్తి మీద పిడుగు పడితే ఒక్కసారితో పోతుంది, ఇది ఫోటో ఫోటోకీ పడింది.

బంధువుల ఫోన్లలో ఉన్నవైనా పనికొస్తాయని అందరినీ అడిగాడు. వదినగారు, తోడల్లుడు, చెల్లెలు, అందరూ పంపారు. చూస్తే అదింకో దెబ్బ. చిన్నప్పటి ఫోటోల్లో చిట్టి ముందు వరసలో నిలబడి పళ్ళన్నీ కనిపించేలా నవ్వుతోంది. ఒక వయసు దాటాక ఎప్పుడూ గుంపుకి చివరే ఉంది. ముఖం ఒక పక్కకి తిప్పి ఉంది, లేదా బుగ్గ మీద చెయ్యి ఉంది, లేదా ఎవరి భుజమో అడ్డం ఉంది. ఎదురుగా చూసిన ఫోటో ఒక్కటి లేదు. వయసుపిల్ల కదా, సిగ్గనుకున్నామని చెల్లెలంది. ఆయనా ఇన్నాళ్ళూ అదే అనుకున్నాడు.

వట్టి చేతులతో డాక్టరు దగ్గరికి వెళ్ళాడు. తల కొట్టేసినట్టయినా సంగతి దాచలేదు. అన్నీ నేనే సరిచేశానండీ, సరిచెయ్యనిది ఒక్కటీ లేదు అన్నాడు. డాక్టరుకి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. ఇలాంటిది తన దగ్గరికి ఎప్పుడూ రాలేదంది. పోనీలెండి, స్కాను చెప్తుందిగా అంది, కాని ఆ మాటలో మునుపటి సంబరం లేదు.

స్కాను చెప్పింది. పిల్ల చేతి నరంలోకి ఒక మందు ఎక్కించారు. ఎముక ఎక్కడ గట్టిగా పెరుగుతోందో అక్కడికి అది ఎక్కువగా చేరుతుందట. బొమ్మలో ఎడమ కీలు మసగ్గా ఉంది. కుడి కీలు వెలిగిపోతోంది. జీవితమంతా వెలుతురుతో బతికిన మనిషికి వెలుతురంటే భయం వేసింది అదే మొదటిసారి.

ఆగలేదు కాబట్టి ఆగేలా చెయ్యాలి, ఆ కీలు తల కొంత చెక్కెయ్యాలని డాక్టరు చెప్పింది. అంతటితో అయిపోతుందా అని భార్య అడిగింది. డాక్టరు మొహమాటపడలేదు.

"రెండేళ్ళ కిందట వచ్చుంటే బహుశా దాంతోనే సరిపోయేదమ్మా. ఇప్పుడు పై దవడ కూడా వంగింది. ఎదుగుదల పూర్తిగా ఆగాక ఇంకో ఆపరేషన్ చెయ్యాల్సి రావచ్చు, అది పెద్దది."

రెండేళ్ళ కిందట అన్న మాట మాస్టారి చెవిలో ఉండిపోయింది. రెండేళ్ళ కిందట ఆయన ఏం చేశాడో ఆయనకి తెలుసు. బడి కార్డు ఫోటోలో గడ్డాన్ని గీత మీదకి నెట్టాడు. అప్పుడెంత దూరం నెట్టాల్సి వచ్చిందో గుర్తు తెచ్చుకోవాలని ఎంత ప్రయత్నించినా గుర్తు రాలేదు. చెయ్యి చెప్పదు కదా.

ఆపరేషనుకి ముందు ఫోటోలు కావాలని డాక్టరు అడిగింది. ఆసుపత్రిలోనే తీస్తామంది. నేను తీస్తానండీ, ఏమీ ముట్టుకోను అన్నాడు మాస్టారు. ఆవిడ ఆయన ముఖంలోకి చూసి సరేనంది.

చిట్టి వచ్చి స్టూలు మీద కూర్చుంది. దీపాలు వెలిగించాడు. మెత్తటి గొడుగులు తీసి పక్కన పెట్టాడు. కెమెరా వెనక్కి వెళ్ళి కన్ను ఆనించేసరికి ఆయన ఇంకా ఏమీ అనకముందే పిల్ల తల కదిలింది. కొంచెం కుడికి తిరిగి, కొంచెం ఎడమకి వంగి, గడ్డం సర్దుకుని ఆగిపోయింది. కెమెరాలో చూస్తే ముఖం తిన్నగా ఉంది. ఇంచుమించు గీత మీద ఉంది. మాస్టారు కెమెరా మీంచి తలెత్తి చూశాడు. పిల్ల మెడ వంకరగా ఉంది, ముఖం తిన్నగా కనపడాలని మెడని వంకర చేసుకుని కూర్చుంది.

"అలా వంచకమ్మా. నీ తల మామూలుగా ఎలా ఉంటుందో అలా పెట్టు."

"మామూలుగా ఇలాగే పెట్టుకుంటా. నువ్వే కదా నేర్పావు," అంది చిట్టి. దెప్పలేదు, ఉన్న సంగతి చెప్పింది.

కెమెరా వదిలేసి ఆయన ముందుకొచ్చాడు. స్టూలు దగ్గర నేల మీద గొంతుక్కూర్చున్నాడు. ఇన్నాళ్ళూ అడగడానికి ముఖం చెల్లని మాట అప్పుడడిగాడు. నీకెప్పుడు తెలిసింది అన్నాడు.

చిట్టి దువ్వెన దారం వేలికి చుట్టుకుంటూ చెప్పింది. పదమూడో ఏడు, బడి కార్డు ఫోటో. తీశాక ఆయన కంప్యూటర్ ముందు కూర్చుంటే తను వెనకాల నిలబడింది. గీత దించడం చూసింది. తన గడ్డం గీతకి పక్కన ఉండటం చూసింది. ఆయన దాన్ని నెట్టడం చూసింది. తర్వాత ప్రతి ఏడూ వెనకాల నిలబడే ఉంది. ప్రతి ఏడూ ఆయన ఇంకొంచెం ఎక్కువ నెట్టాల్సి రావడం చూసింది.

"మరి నాకు చెప్పలేదేం తల్లీ?"

"నీకు తెలుసనుకున్నా నాన్నా. నువ్వే కదా సరిచేసేవాడివి." దారం వేలి నుంచి విప్పుకుంటూ మళ్ళీ అంది. "తెలిసీ ఏమీ అనట్లేదంటే చెప్పుకోకూడని సంగతేమో అనుకున్నా. నొప్పి వచ్చినప్పుడు కూడా అందుకే చెప్పలేదు."

మాస్టారు అలాగే కూర్చుండిపోయాడు. కాళ్ళు తిమ్మిరెక్కినా లేవలేదు. పరీక్ష హాలు గుమ్మంలో ఆ పిల్ల చూపులో ఆశ్చర్యం ఎందుకు లేదో ఇప్పుడు తెలిసింది. తనకి తెలియకపోవడం ఒక ఎత్తు, తనకి తెలుసని పిల్ల నమ్మడం ఒక ఎత్తు. నాకు తెలీదు తల్లీ అందామనుకున్నాడు. అదీ నమ్మేలా లేదు. కళ్ళు చూశాయి, చెయ్యి నెట్టింది, మనిషి ఎక్కడున్నాడో మరి.

"నాకు తెలీదు తల్లీ," అన్నాడు చివరికి. "ఒట్టు."

చిట్టి ఆయన వైపు చాలాసేపు చూసింది. నమ్మిందో లేదో చెప్పలేదు. మెడ మాత్రం మెల్లగా తిన్నగా చేసుకుంది. గడ్డం దాని చోటికి అది వెళ్ళింది.

మాస్టారు లేచి కెమెరా వెనక్కి వెళ్ళాడు. నోటి చివర దాకా వచ్చిన "గడ్డం కొంచెం" అన్న మాటని మింగేసి, మీట నొక్కాడు. ఫోటో తెర మీదకి వచ్చింది. చెయ్యి అలవాటుగా మౌసు వైపు వెళ్ళబోతే రెండో చేత్తో పట్టుకున్నాడు. వాలిన పెదవులు, దిగిన దవడ, పక్కకి పోయిన గడ్డం, వాటి మధ్య నుంచి తన కూతురు ఎదురుగా చూస్తోంది. కొన్నేళ్ళుగా రోజూ చూసే ముఖాన్ని ఆయన మొదటిసారి చూశాడు.

చిట్టి స్టూలు దిగి వచ్చి, ఎప్పటిలాగే వెనకాల నిలబడింది. తెర వైపు కాసేపు చూసింది.

"ఈ ఫోటో హాల్ టికెట్టు మీద పెట్టుంటే లోపలికి పంపించేవాళ్ళు," అంది.

మాస్టారు నవ్వబోయాడు. నవ్వు రాలేదు, ఏడుపు వచ్చింది. పిల్ల ఆయన భుజం మీద చెయ్యి వేసి, వంగి, మౌసుని ఆయనకి అందకుండా అవతలికి జరిపి పెట్టింది.